ఆక్టేవ్ పెడల్ ఏడ పెట్టాలె?

పెద్దపల్లి

అల్లుడా,

నువ్వు పంపిన రికార్డింగ్ ఇన్న. చెయ్యి మంచిగ తిరుగుతున్నది, లయ కూడ కుదిరింది. కింది ఆక్టేవ్ కలిపిన కాడ మాత్రం స్వరం వణికి, గరగరమని తెగిపోతున్నది. పెడల్ కరాబైందేమో అని రాసినవు. దానికేం కాలేదు. డిస్టార్షన్, డిలే రెండూ దాటినంక పెట్టినవు గద, అదే చిక్కు.

పిచ్ మార్చే పెడల్ మొదలు ఇనాలె, అటెన్క పలకాలె. మోగేది ఏ స్వరమో దానికి దొరికితేనే కింది స్థాయి ఇయ్యగలుగుతది. ఆరో తీగెను ఖాళీగ మీటితే సెకనుకు 82 సార్లు ఊగుతది, అంటే ఒక్క ఊపుకు 12 మిల్లీసెకన్లు. ఒకటి రెండు ఊపులన్న చూడంది పెడల్‌కు స్వరం తెల్వదు. అందుకే లావు తీగె మీద జర ఆలస్యమైనట్టు అనిపిస్తది. 1982ల వచ్చిన బాస్ ఓసీ-2 అసోంటి పాత పెడళ్లు రెండు ఊపులను ఒకటిగ లెక్కబెట్టి కింది స్థాయి పుట్టిస్తయి. రెండు తీగెలు కలిపి మీటితే ఆ లెక్క తప్పుతది. డిస్టార్షన్ ఇంకిన్ని అనుస్వరాలు కలుపుతది, డిలే అయితే పోయిన స్వరాన్ని ఇప్పటి స్వరం మీద తెచ్చి పోస్తది. గంత గందరగోళంల అది ఏమని ఇనాలె?

కాబట్టి గిటార్ నుంచి ట్యూనర్, కంప్రెసర్, ఆక్టేవ్, అటెన్క డిస్టార్షన్, ఆఖరుకు డిలే, రివర్బ్. వా పెడల్ ఉంటే ఆక్టేవ్ తర్వాతనే. వాల్యూమ్ పెడల్ కూడ దాని తర్వాతనే పెట్టు, ముందు పెట్టి సౌండ్ తగ్గిస్తే పెడల్‌కు సన్నటి చప్పుడే అంది స్వరం జారిపోతది. నెక్ పికప్ మీద, టోన్ సగం తగ్గించి, ఐదో ఫ్రెట్ పైన ఒక్కొక్క తీగె మీటి చూడు. ఇది నేను గట్టిగ చెప్తున్న, చాలామంది సెట్టింగులు తిప్పుకుంటనే ఉంటరు గని గీ చిన్న పని చెయ్యరు.

ఇగ నువ్వు కొనాలనుకుంటున్న హార్మనీ పెడల్ సంగతి. దాన్ని డిస్టార్షన్ తర్వాత పెట్టాలె. 440 హెర్ట్జ్ స్వరానికి మీది మూడో స్వరం 554 కలిపి రెండిటినీ డిస్టార్షన్‌లకు పంపితే, వాటి తేడా 114 కూడ మోగుతది. అది 110 దగ్గర ఉండాల్సిన స్వరానికి జర పైన పడి చెవికి గుచ్చుతది. ఆక్టేవ్‌కు ఆ బాధ లేదు, 440ల నుంచి 220 పోతే మిగిలేది కూడ 220యే. నీ డిస్టార్షన్ ఆంప్‌లనుంచే వస్తే, హార్మనీ పెడల్‌ను ఆంప్ ఎన్క సెండ్, రిటర్న్ నడుమ కలుపు.

అయితే కొనే ముందు ఒకటి ఆలోచించు. నువ్వు వాయించేది మోహనం. హార్మనీ పెడల్‌ను మేజర్ స్కేల్‌కు పెట్టి మూడో స్వరం అడిగితే, సకు గ వస్తది, గకు ప వస్తది, మంచిగనే ఉంటది. రి మీటితే మ వస్తది, ప మీటితే ని వస్తది. మోహనంల ఆ రెండూ లేవు. రాగం చెడిపోతది బిడ్డా. గమకం తీసినప్పుడు ఇంకో చిక్కు. నీ తీగె మెల్లగ జారుతుంటే పెడల్ ఇచ్చే స్వరం మెట్టు మీదికెల్లి మెట్టు మీదికి దుంకుతది. ఆక్టేవ్ మాత్రం నీ జారుతోనే జారుతది, ఏ రాగానికీ అడ్డం రాదు.

పాలకొల్లుల పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను ఇను. మాండలిన్‌కు నాలుగు జతలుగ ఎనిమిది తీగెలుంటయి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు ఒంటి తీగెలే పెట్టుకొని అంత గమకం పలికించిండు. ఒంటి తీగె స్వరం ఎంత స్పష్టంగ ఉంటదో దాంట్ల తెలుస్తది. నీ పెడల్‌కు కావాల్సింది కూడ అదే.

దసరాకు గోదావరిఖని ప్రోగ్రాంల బేస్ గిటార్ ఉంటదన్నవు. నీ ఆరో తీగెకు కింది ఆక్టేవ్ 41 హెర్ట్జ్, బేస్ గిటార్ లావు తీగెది కూడ అదే జాగ. దాని మీద డోలు ఒకటి. రెండో, మూడో తీగె మీదనే ఆక్టేవ్ వాడుకో.

ఆదివారం గిటార్, రెండు ప్యాచ్ కేబుళ్లు పట్టుకొని రా. ఒకే చరణాన్ని ఆక్టేవ్ ముందు పెట్టి ఒకసారి, తర్వాత పెట్టి ఒకసారి రికార్డు చేద్దాం. అమ్మను అడిగినన్నని చెప్పు.

నీ మేనమామ