పాలు చెడితే ఒక మాట, పండు చెడితే ఒక మాట

వంటకో, పిల్లల్ని చూసుకోవడానికో, డ్రైవింగుకో కువైట్‌లోని రుమైథియా ఇళ్ళకు వచ్చిన మన కడప, రాయచోటి, గోదావరి జిల్లాల వాళ్ళు అరబీ మాటలు కొన్నాళ్ళకే పట్టేస్తారు. ఇంగ్లీషు దగ్గర తడబడతారు. మాటలు రాక కాదు. హాట్, వార్మ్ రెండూ తెలుసు, థిన్, స్లిమ్ రెండూ తెలుసు. ఏది ఎక్కడ వాడాలన్నదే చిక్కు. గ్రామరు పుస్తకం లేకుండానే దీన్ని దాటొచ్చు.

చీర పాతబడుతుంది, మనిషి ముసలివాడవుతాడు, బెండకాయ ముదురుతుంది. ముసలి చీర అని మనం పొరపాటున కూడా అనం. ఇది మీకు బళ్ళో నేర్పలేదు. చిన్నప్పటినుంచీ ఆ మాటను దాని జంటతో కలిపి విన్నారు కాబట్టి వచ్చింది. ఇంగ్లీషునూ అలా జంటలుగానే పట్టుకోవాలి.

మొదట, దేని గురించి చెబుతున్నారో చూడండి. ఫ్రిజ్ తలుపు తీయండి. పాలు విరిగి పులిస్తే సోర్. టమాటా, గుడ్డు కుళ్ళితే రాటెన్. ఖుబూస్ రొట్టె ఎండి గట్టిపడితే స్టేల్. దానిమీద బూజు కనిపిస్తే మోల్డీ. నూనె నిల్వపడి కంపు కొడితే రాన్సిడ్. నిన్నటి కూర బాగానే ఉంటే లెఫ్ట్‌ఓవర్, పాచిపోతే స్పాయిల్డ్. అన్నిటికీ బ్యాడ్ అంటే సరిపోదా? ఇంటి మేడంకి అర్థమవుతుంది, కానీ ఏం చేయాలో తెలియదు. స్టేల్ ఖుబూస్‌ను వేయించుకుని తినొచ్చు, మోల్డీ ఖుబూస్‌ను పారేయాల్సిందే. జమియా దుకాణానికి వెళ్ళి కొత్తది తేవాలా వద్దా అన్నది ఆ ఒక్క మాట మీదే ఉంటుంది. అందుకే వంటింట్లో ఉండేవాళ్ళు ముందుగా ఈ ఆరేడు మాటలే నేర్చుకోవాలంటాను.

తర్వాత, ఎంత అన్నది. పసిబిడ్డకు పాలు వార్మ్‌గా ఇవ్వమంటే గోరువెచ్చగా అని. హాట్ అంటే నోరు కాలే వేడి, బాయిలింగ్ అంటే సలసల కాగేది. ఎండకూ ఇలాంటి మెట్లున్నాయి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండను హాట్ అని వదిలేయరు, స్కార్చింగ్ అంటారు. సముద్రపు తేమతో ఉక్కపోస్తే హ్యూమిడ్.

హాట్‌తో ఇంకో తిరకాసు ఉంది. కూర హాట్ అంటే వేడో కారమో ఎదుటివాళ్ళకు తెలియదు. కారమైతే స్పైసీ అనండి. బాబు ఒళ్ళు కాలిపోతుంటే, బేబీ ఈజ్ హాట్ అని మెసేజ్ పెట్టకండి, ఏసీ వేయమని అనుకుంటారు. బేబీ హ్యాజ్ ఎ హై టెంపరేచర్ అని రాసి, థర్మామీటర్ చూపిన అంకె పక్కనే పెట్టండి. బిడ్డ విషయంలో ఈ ఒక్క వాక్యం కంఠతా వచ్చి ఉండాలి.

మూడోది, వినేవాళ్ళకు ఎలా తగులుతుంది? స్లిమ్ మెచ్చుకోలు, థిన్ మామూలు మాట, స్కిన్నీ అంటే చాలామంది నొచ్చుకుంటారు. బొమ్మలు చెల్లాచెదురుగా పడున్న గది మెస్సీ. దాన్ని డర్టీ అంటే ఇల్లు మురికిగా ఉందని నింద వేసినట్టే. బహుమతి తక్కువ ధరకే దొరికిందనాలంటే ఇనెక్స్‌పెన్సివ్ అనండి. చీప్ అంటే నాసిరకం అనే అర్థమూ వస్తుంది.

అనుమానం వస్తే నిఘంటువు చూడండి, పర్యాయపదాల జాబితా మాత్రం వద్దు. అది మాటలన్నిటినీ ఒక్కచోట పోస్తుంది, తేడా చెప్పదు. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకునేవాళ్ళ కష్టం చూసి వాళ్ళకోసమే ఒక నిఘంటువు తయారుచేశారు. 1942లో అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఇప్పుడది ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అర్థం కంటే ముందు కింద ఇచ్చిన ఉదాహరణలు చదవండి. ఆ మాట పక్కన ఏ మాట వస్తోందో చూస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది.

చివరగా, జంటను నోటుబుక్కులో రాసుకోండి, విడిమాటను కాదు. మన ఖాళీ అన్న మాటతోనే మొదలుపెట్టండి. గ్యాస్ సిలిండర్ అయిపోతే ఎంప్టీ సిలిండర్. సాల్మియాలో అద్దెకు దొరికే ఫ్లాట్ వేకెంట్ ఫ్లాట్. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే ఫ్రీ సీట్. మేడం తీరిగ్గా ఉన్నారా అని అడగాలన్నా ఫ్రీయే.