ఒకే పేరునకు రెండు విలువలు

సి భాషలో ప్రోగ్రాములు వ్రాయు మన పైతరగతుల విద్యార్థులు కంపైలరు చేయు హెచ్చరికలను చదువకయే త్రోసివేయుట కలదు. ప్రోగ్రాము పనిచేయుచుండగా విచారణ యేల యని వారి వాదము. ఒక్క హెచ్చరికను బట్టి ఆ వాదమును పరీక్షింతము.

లినక్సు యంత్రములపై పైతాన్ 2.7తో సి ప్రోగ్రామును జతపరచునపుడు, "పాసిక్స్ సి సోర్స్" అను మాక్రో మరల నిర్వచింపబడినదని కంపైలరు తెలుపుచుండెడిది. మాక్రో యనగా ఒక పేరు కనబడిన చోటనెల్ల దాని విలువను నిలుపు ఏర్పాటు. అదే విలువతో రెండు మారులు నిర్వచించినచో సి ప్రమాణము ఆక్షేపింపదు. విలువ మారినచో కంపైలరు చెప్పితీరవలయును. ఇచట పైతాన్ హెడ్డరు 200112 అనియు, గ్లిబ్‌సి వారి ఫీచర్స్ హెడ్డరు 200809 అనియు చెప్పినవి. ఇవి ఊరక వేసిన అంకెలు కావు. పాసిక్స్ ప్రమాణముల సంవత్సరమును, మాసమును తెలుపును: 2001 డిసెంబరు, 2008 సెప్టెంబరు.

ఇంతకు దోషమెచట? విద్యార్థి స్టడ్ ఐ.ఓ. హెడ్డరును ముందును, పైతాన్ హెడ్డరును పిదపను చేర్చెను. ఈ మాక్రో "నాకు ఈ ప్రమాణపు ప్రకటనలు కావలయును" అని సిస్టము హెడ్డరులకు చేయు మనవి. ఫీచర్స్ హెడ్డరు తన పని ఒకసారియే చేయును గనుక, పిదప వచ్చిన మనవి వడ్డన ముగిసిన తరువాత కూర అడిగినట్లే.

హెచ్చరికలను అణచు స్విచ్చి కలదు. దానిని వాడుట బడిగంట నాలుకను ఊడదీయుటయే. ఏలన, పైతాన్ హెడ్డరులో "ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్" అను మరియొక మనవియు కలదు. 32 బిట్ల లినక్సులో అది సకాలమున అందినచో ఆఫ్-టి యను రకమునకు 8 బైట్లు, అందనిచో 4 బైట్లే. ఒక ఫైలు ముందుగను, మరియొకటి ఆలస్యముగను మనవి చేసినచో, ఆ రకము గల స్ట్రక్చరు రెండు ఫైళ్లలో రెండు కొలతలతో నుండును. లింకరు మాటాడదు, దత్తాంశము చెడును. ఈ రెండవ మనవి ఆలస్యమైనందులకు హెచ్చరిక రాదు. మొదటి మాక్రోను గూర్చిన హెచ్చరికయే దానికిని సాక్షి.

పరిష్కారము స్వల్పము: పైతాన్ హెడ్డరును అన్నిటికంటె ముందు చేర్చవలయును. పైతాన్ వారి గ్రంథమును ఇట్లే విధించుచున్నది. అప్పుడు ఫీచర్స్ హెడ్డరు పాత విలువను అన్‌డెఫ్ ఆజ్ఞతో తొలగించి తనది వ్రాసికొనును గాన తగవు రాదు. అట్లు చేసినను హెచ్చరిక పోనిచో, వెనుకటి నిర్వచనము ఏ ఫైలులో, ఏ పంక్తిలో నున్నదో కంపైలరే చూపును. అచటనుండి వెదకిన, మనమే వ్రాసిన ఏదో హెడ్డరు ముందుగా స్టడ్ ఐ.ఓ.ను లోనికి తెచ్చినట్లు తరచుగ తేలును.

పైతాన్ 3 కూర్పులు కొన్నిటి హెడ్డరులోను 200809 యే యుండెను. కావున క్రమము తప్పినను వానితో ఆ గంట మ్రోగదు.