చూపరి ఖర్చు

వాడీనుండి సికిందరాబాదునకు పోవు రైలుమార్గము 1874లో పూర్తియైనది. ఆ మార్గముమీదనే తాండూరు, వికారాబాదు పట్టణములు కలవు. తాండూరు ప్రాంతమున పట్టాల కిరువైపుల కందిచేలును, నాపరాతి గనులును, అమ్మకమునకు పేర్చియుంచిన బండల వరుసలును కనబడును. వికారాబాదు సమీపించిన కొలది నేల మెరకయగును. మూసీనది పుట్టిన అనంతగిరి కొండల పచ్చదనము కన్నుల కగుపడును.

ఈ రెండు ఊళ్లలోను బడి విడిచిన పిదప బాలురు ఖాళీ స్థలములలో బంతి తన్నుచుందురు. గోలు గుర్తునకు రెండు రాళ్లు చాలును. తాండూరులో రాళ్లకు కరవు లేదు గదా! పదిమంది కలిసి చందా వేసికొని కొన్న బంతి యొకటి మాసముల తరబడి వచ్చును. బూట్లు లేకున్నను ఆట ఆగదు. ఇన్ని దేశములలో బీదలు ఫుట్‌బాలును తమ ఆటగా చేసికొనుటకు ఇదియే కారణము. కాని ఆడుట వేరు, చూచుట వేరు. ఆడుట కింత చవుకయైన ఆట, గొప్ప ఆటగాండ్ర నడుమ జరుగునప్పుడు చూడబోయినచో, బీదవాని చేతికందకుండ పోవుచున్నది. ఈ వింత ఎట్లు కలిగినదో విచారింపదగినది.

ఒకప్పుడు ఈ ఆటలో హైదరాబాదునకు దేశమంతట పేరుండెను. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలుచుకొన్నది. 1956–57, 1957–58 సంవత్సరములలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని సాధించినది. ఆ పోలీసు జట్టునకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట ఉపాధ్యాయుడు. భారతజట్టు 1951, 1962 ఏషియా క్రీడలలో బంగారు పతకము గెలిచినప్పుడును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినప్పుడును ఆయనయే శిక్షకుడు.

సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ కాలపు మేటి ఆటగాండ్రలో ఒకరు. ఆయనది పేద కుటుంబము. అభ్యాసము జరుగు చోటికి దినదినము పోవుటకు దారిఖర్చు లేకపోయెను. ఈ సంగతి తెలిసికొని రహీం సైకిలు అద్దెకు డబ్బిచ్చి ఆ బాలుని రప్పించుకొనెను. ఆ బాలుడే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను. ఆ సైకిలు అద్దెను ఖర్చు పద్దులో వ్రాయవలెనా, రాబడి పద్దులో వ్రాయవలెనా అన్నచో ఎంతటి గణకుడైనను తికమకపడును. బలరామునకు బంతి దొరికినది, మైదానము దొరికినది, గురువు దొరికెను, అడ్డుపడినది దూరమొక్కటియే. ఆటగానికి దూరమెట్టి యాటంకమో, చూపరికిని అట్టిదే.

2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్రొత్త జట్టు ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులో చేరినది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణము దాని సొంత మైదానమయ్యెను. తాండూరు, వికారాబాదు యువకులకు ఇది కలిసివచ్చిన సంగతి. ఏలన, లింగంపల్లి స్టేషను ఈ రైలుమార్గముమీదనే యున్నది. అచ్చట దిగినచో మైదానము కొన్ని కిలోమీటర్ల దూరమే.

అయినను తాండూరులో నాపరాళ్లకు నునుపు పెట్టు కర్మాగారమున దినకూలికి పనిచేయు తండ్రియొకడు తన కుమారుని ఆటకు తీసికొనిపోవ నెంచినాడనుకొందము. టిక్కెట్టు ఒక్కొక్కటి 150 రూపాయలని పెట్టుకొందము. ఇద్దరికి 300 అయినది. రైలుకు, లింగంపల్లినుండి ఆటోకు, మార్గమున తిండికి, మరల వచ్చుటకు కలిపి 500 అనుకొందము. ఇక ఆట వేళ యేది? ఈ లీగు ఆటలు పెక్కు రాత్రి 7:30 గంటలకు మొదలగుచుండెడివి. ముగియుసరికి 9:30 అగును. జనసమ్మర్దమును దాటి లింగంపల్లి చేరవలెను. రైలు దొరికినచో అర్ధరాత్రి దాటిన పిదప తాండూరు. దొరకనిచో స్టేషనులోనే తెల్లవారును. నిద్రలేని తండ్రి మరునాడు బండల నెత్తలేడు. అతని దినకూలి 600 అనుకొన్నచో ఆ మొత్తము పోయినట్లే. అన్నియు కూడినచో 1,400 రూపాయలు. ఇందు టిక్కెట్టు వంతు 300 మాత్రమే. అనగా ఐదింట ఒక వంతుకంటె కొంచె మెక్కువ.

ఈ లెక్కలో ఒక విశేషము దాగియున్నది. జట్టు యజమానులు దయతలచి టిక్కెట్టును ఉచితముగా నిచ్చినను ఆ తండ్రికి మిగులునది 300 రూపాయలే. అట్లుగాక, టిక్కెట్టు ధర తగ్గింపకయే ఆటను సెలవుదినమగు ఆదివారమున సాయంకాలము నాలుగు గంటలకు పెట్టినచో 600 మిగులును. తండ్రి రాత్రి భోజనమువేళకో, అటు పిమ్మట కొంతసేపటికో ఇల్లు చేరి, మరునాడు పనికి పోగలడు. గడియారపు ముల్లు టిక్కెట్టుకంటె ఖరీదైనదని పట్టణవాసులకు తోచకపోవచ్చును. లింగంపల్లిలో నివసించువానికి 150 రూపాయల టిక్కెట్టు 150 రూపాయల టిక్కెట్టే. తాండూరువానికి కాదు.

మరి రాత్రివేళ నేల పెట్టుదురు? రహీం కాలమున దీపస్తంభములు లేని మైదానములలో ఆట పొద్దుగ్రుంకకముందే ముగియవలసియుండెడిది. విద్యుద్దీపములు వచ్చి ఆ నిర్బంధమును తొలగించినవి. దూరదర్శని వచ్చి క్రొత్త నిర్బంధమును తెచ్చినది. జట్టును నడపుట సామాన్యము కాదు. ఆటగాండ్ర వేతనములు, విమాన ప్రయాణములు, మైదానపు అద్దె భరింపవలెను. టిక్కెట్ల సొమ్ము అందులకు చాలదు. ప్రసారముల వలనను, ప్రకటనల వలనను వచ్చు ధనము కావలెను. జనులందరు ఇండ్లలో కూర్చుండు వేళయే ప్రకటనలు ఇచ్చువారికి అనుకూలము. కాబట్టి యజమానులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. అయినను గడియారమును త్రిప్పునప్పుడు చివరి రైలును ఎవ్వరును తలచుకొనలేదన్న మాటయు నిజమే.

ఇంగ్లాండు దేశమున ఈ తగవు పాతది. అచ్చటి ఫుట్‌బాలు లీగు 1890లో కనీసపు ప్రవేశరుసుమును ఆరు పెన్నీలుగా నిర్ణయించినది. ఆర్థిక మాంద్యము వచ్చినప్పుడు గనుల, మిల్లుల ఊళ్లు పనులు లేక మూగవోయెను. విగన్ బరో అను జట్టు ఋణముల పాలై 1931లో ఋతువు నడుమనే లీగునుండి తప్పుకొన్నది. జనుల జేబులు ఖాళీయైనచో జట్లు ఎంతకాలము నిలుచునో దీనివలన తెలియుచున్నది.

2016 ఫిబ్రవరి 6వ తేదీన లివర్‌పూల్‌లో జరిగిన సంగతి మరియొక తీరుది. మరుసటి ఋతువునకు అన్నిటికంటె ఖరీదైన టిక్కెట్టును 77 పౌండ్లు చేయనున్నట్లు యజమానులు ప్రకటించియుండిరి. అభిమానులు రాళ్లు రువ్వలేదు. సండర్లాండుతో ఆట జరుగుచుండగా సరిగా 77వ నిమిషమున వేలకొలది జనులు లేచి బయటికి నడచిరి. అప్పటికి తమ జట్టు రెండు గోలుల ఆధిక్యముతో నున్నది. వారు పోయిన తరువాత సండర్లాండు రెండు గోలులు చేసి ఆటను సమము గావించినది! ఆ గోలులకును జనులు లేచిపోవుటకును సంబంధము కలదో లేదో కాని, కొద్దిదినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను ఉపసంహరించుకొనిరి. అదే ఏటినుండి ఇంగ్లాండు ప్రీమియర్ లీగులో పరస్థలమునుండి వచ్చు అభిమానుల టిక్కెట్టు 30 పౌండ్లు మించరాదను నియమము అమలైనది. ఇది తాండూరు తండ్రికి నచ్చు నియమము. దూరమునుండి వచ్చువాడు మైదానము చేరుటకు ముందే రైలు బుకింగు కిటికీవద్ద కొంత చెల్లించియున్నాడని ఆ నియమమే ఒప్పుకొన్నట్లయ్యెను.

2026 ప్రపంచ కప్పు టిక్కెట్ల ధరలు 2025 డిసెంబరులో తెలిసినప్పుడును ఐరోపా అభిమానుల సంఘములు గట్టిగా నిరసించినవి. కొద్దిరోజులకే ఫీఫా సంస్థ కొన్ని టిక్కెట్లను 60 డాలర్లకు ఇత్తుమని ప్రకటించినది. ఆ కొన్నిటిలో తమకొకటి దొరకునా యని సామాన్యుడు సందేహించుట సహజము.

మన తండ్రీకుమారుల కథకు మరల వత్తము. హైదరాబాదు జట్టు ఏర్పడిన తొలి ఋతువు ముగియుచుండగనే 2020లో కరోనా వ్యాధి వ్యాపించినది. దేశమంతట పనులు నిలిచిపోయి, దినకూలీల ఇండ్లలో పొయ్యి రాజుటయే కష్టమయ్యెను. తరువాతి రెండు ఋతువులలో లీగు ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20వ తేదీన అచ్చటనే జరిగిన తుదిపోటీలో హైదరాబాదు జట్టు కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి విజేత యయ్యెను. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను అడ్డుకొనెను. రాజధాని జట్టు దేశవిజేత యైన ఆ ఋతువున గచ్చిబౌలిలో ఒక్క ఆటయైనను జరుగలేదు. ఆ కీర్తిని తాండూరు బాలుడును, హైదరాబాదు ధనికుడును సమానముగా తెరమీదనే చూచిరి. సమానత్వము ఆ విధముగా వచ్చునని ఎవ్వరును కోరియుండరు.

మరుసటి నెలలో, అనగా 2022 ఏప్రిలులో, దేశమున చిల్లర ధరల పెరుగుదల నూటికి 7.79 వరకు పోయినది. నూనె, గ్యాసు, పప్పు పెరిగినప్పుడు గృహిణి మొదట కోయునది వేడుకల ఖర్చు. ఆ మాట పైకి చెప్పదు. “ఈ నెల వద్దులే నాయనా, వచ్చే నెల చూతము” అనును. వచ్చే నెలయు అట్లే గడచును. అదే ఏటి చివర జరిగిన ప్రపంచ కప్పు పోటీలు సెల్‌ఫోనులో ఉచితముగా చూచు వీలు కలిగినందున ఎన్నో ఇండ్లలో ఒక్క ఫోను చుట్టు నలుగురు మూగిరి. తరువాత ఆ ప్రసారములకును చందాలు వచ్చినవి. అరచేతి తెరమీద బంతి ఆవగింజయంత. అయినను బాలునకు ఆటగాండ్ర పేర్లన్నియు కంఠస్థమే.

2022 చివర జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చినది. కాని త్వరలోనే ఆర్థికపు చిక్కులలో పడి, మేటి ఆటగాండ్రను పోగొట్టుకొని, పట్టికలో అడుగునకు జారినది. 2025లో యాజమాన్యము మారి జట్టు ఢిల్లీకి తరలిపోయెను, పేరును మారినది. “వచ్చే నెల” అని వాయిదా వేసికొనుచు వచ్చిన ఇండ్లలో ఆ వార్త ఎట్లు వినబడినదో ఊహింపవచ్చును. ఆ 1,400 రూపాయలు ఇప్పుడు కూడబెట్టినను కొనుటకు ఆట లేదు.

ఫుట్‌బాలు మాత్రము హైదరాబాదును విడువలేదు. 2024 డిసెంబరు 31వ తేదీ రాత్రి గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ తుదిపోటీ జరుగగా పశ్చిమ బెంగాలు కేరళమీద ఒక్క గోలుతో గెలిచినది. 2021లో ఐ-లీగున ప్రవేశించిన శ్రీనిధి డెక్కన్ జట్టు మైదానము మొయినాబాదు దాటిన పిదప అజీజ్‌నగరులో కలదు. వికారాబాదునుండి చేవెళ్ల మీదుగా హైదరాబాదు పోవు బస్సుల మార్గమదియే. కుమారుడు ఆ సంగతి కనుగొన్నాడు. తండ్రి అడిగిన మొదటి ప్రశ్న టిక్కెట్టెంత యని కాదు. ఆట ఎన్ని గంటలకని.