షిగే తరఫున ఒక పేజీ

చి॥ అమ్మాయికి,


జపనీస్ పరీక్ష గట్టెక్కావనీ, ఇక సినిమాలు చూసి మాటతీరు పట్టుకోవాలనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. పది సినిమాలు వద్దమ్మా, ముందు ఒక్కటి చాలు. యాసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' చూడు.

ఒనోమిచి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. కొడుకు డాక్టరు, కూతురు షిగే బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఇద్దరికీ తీరిక లేదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం ఆఫీసుకు సెలవు పెట్టి వాళ్లకు ఊరు చూపిస్తుంది.

మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో చూడు. తర్వాత అవి తీసేసి, నొరికో అత్తమామలతో మాట్లాడే తీరూ, షిగే కన్నవాళ్లతో మాట్లాడే తీరూ పోల్చి విను. వాన గురించి చెప్పినా సరే, వినేది ఎవరన్నదాన్ని బట్టి జపనీస్ క్రియ మారుతుంది. మన 'అండీ' చేసే పని అక్కడ క్రియే చేస్తుంది. ఆ తర్వాత ధ్వని ఆపేసి చూడు. ఎవరు ఎప్పుడు వంగారు, ఎంతసేపు ఊరుకున్నారు? పిల్లలు అతామి అనే ఊరికి పంపేస్తే, అక్కడ రాత్రంతా గోలకు నిద్రలేకపోయినా ఆ పెద్దవాళ్లు ఎవరినీ నిష్ఠూరమాడకుండా చిరునవ్వుతో ఊరుకుంటారు. ఆ చిరునవ్వును అర్థం చేసుకోవడం ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పదు.

అసలు పాఠం చివర్లో ఉంది. తల్లి అంత్యక్రియలు అవగానే షిగే ఆవిడ బట్టలు అడుగుతుంది. నీకు ఒళ్లు మండుతుంది. "జపాన్‌వాళ్లు ఇంతే" అని రాసుకోబోతావు. రాయకు. చెల్లెలు క్యోకోకూ అంతే కోపమొస్తుంది, నొరికో నచ్చజెబుతుంది. ఒకే ఇంటి ఆడవాళ్లే, తీర్పులు వేరు. అందుకే చూసింది ఒక పేజీలో, నీ తీర్పు ఎదుటి పేజీలో రాయి. రేపు జపాన్‌లో ఉద్యోగం చేస్తే నిన్ను నిలబెట్టేది ఈ అలవాటే.

పైగా ఈ కథకు ప్రేరణ 1937 నాటి అమెరికన్ సినిమా 'మేక్ వే ఫర్ టుమారో'. మన 'బడిపంతులు'లో ఎన్టీఆర్, అంజలీదేవి పడ్డ బాధా ఇలాంటిదే. జపాన్‌కే సొంతమనుకున్నది ఎంత వరకు సొంతమో అప్పుడు తెలుస్తుంది.

ఇది డెబ్బై ఏళ్ల నాటి జపాన్ అని మరిచిపోకు. ఆనక కొరేదా 2008లో తీసిన 'స్టిల్ వాకింగ్' చూసి, ఏం మారిందో మీ టీచర్‌ని అడుగు. నాకు మాత్రం ముందుగా షిగే తరఫున వాదిస్తూ ఒక పేజీ జపనీస్‌లో రాసి పంపు. తప్పులున్నా ఫర్వాలేదు.

ఇట్లు,
మామయ్య