సహజీవన బ్యాక్టీరియా, ఆతిథేయి జీనోమ్: సముద్రపు గొట్టపు పురుగు నుండి కొబ్బరి తెల్లదోమ వరకు

ఏలూరు, పెదవేగి ప్రాంతాల కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో ఆకుల అడుగున తెల్లని మైనపు వలయాలు పేర్చే సర్పిలాకార తెల్లదోమ విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమే. దాని ఆహారమైన ఆకురసంలో చక్కెర మెండు, అత్యవసర అమైనో ఆమ్లాలు స్వల్పం. ఆ లోటును దోమ కణాలలోనే నివసించే పోర్టియెరా అనే బ్యాక్టీరియా తీరుస్తుంది. ఈ బంధం స్వభావం తెలియాలంటే ఇటువంటిదే అయినా వేరు దారిన నడిచిన మరొక బంధాన్ని ముందుగా చూడాలి.

1977లో గాలపాగోస్ సమీపాన లోతు సముద్రపు వేడినీటి ఊటల వద్ద కనుగొన్న రిఫ్టియా అనే గొట్టపు పురుగు అనెలిడా వర్గానికి చెందినది, అంటే మన వానపాముకు దూరపు బంధువు. ఎదిగిన పురుగుకు నోరు లేదు, జీర్ణనాళమూ లేదు. దేహంలోని ట్రోఫోజోమ్ అనే కణజాలం నిండా గంధకాన్ని ఆక్సీకరించే బ్యాక్టీరియా ఉండి, కర్బనాన్ని స్థిరీకరించి పురుగును పోషిస్తుందని 1981లో కొలీన్ కావనా బృందం ప్రతిపాదించింది. ముడిసరుకు చేరవేయడం పురుగు వంతు. దాని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను, విషతుల్యమైన సల్ఫైడ్‌ను ఒకేసారి మోయగలదు. దీని బంధువైన లామెల్లిబ్రాకియా జీనోమ్‌ను 2019లో పరిశీలించగా హీమోగ్లోబిన్ జన్యువులు విస్తరించి ఉన్నట్లు, అమైనో ఆమ్లాల తయారీకి అవసరమైన పలు జన్యువులు లోపించినట్లు తేలింది. బ్యాక్టీరియాపై ఆధారపడటం పురుగు జన్యువులలోనే నమోదైనదన్నమాట.

అయితే రిఫ్టియాలోని బ్యాక్టీరియా జీనోమ్ మాత్రం కుంచించుకుపోలేదు. అది సుమారు 35 లక్షల క్షార జతలు. కారణం సంక్రమణ విధానమే. ప్రతి తరంలోనూ పురుగు డింభకం చర్మం ద్వారా సముద్రజలం నుండి బ్యాక్టీరియాను కొత్తగా స్వీకరిస్తుంది. పురుగు మరణించినపుడు వాటిలో కొన్ని తిరిగి నీటిలోకి చేరతాయి. బయట బ్రతకవలసిన జీవి తన జన్యువులను వదులుకోలేదు.

తెల్లదోమలో పోర్టియెరా తల్లి నుండి గ్రుడ్డులోకే పోతుంది. తరానికి కొద్ది కణాలే దాటుతాయి, బయటి బ్యాక్టీరియాతో జన్యు మార్పిడికి అవకాశం లేదు. హానికర ఉత్పరివర్తనలు పేరుకుని జన్యువులు రాలిపోతాయి. పత్తి తెల్లదోమలో దాని జీనోమ్ 3.5 లక్షల క్షార జతలకు కొంచెం మించి మాత్రమే ఉన్నది. మరింత విశేషమేమనగా, బయోటిన్ తయారుచేసే బ్యాక్టీరియా జన్యువులు పత్తి తెల్లదోమ స్వంత జీనోమ్‌లోనే చేరి పనిచేస్తున్నాయి.

ఈ బలహీనతను ఆసరాగా తీసుకొని తోటలలో యాంటీబయాటిక్‌లు చల్లవచ్చునా? ప్రయోగశాలలో బ్యాక్టీరియాను తొలగించినపుడు తెల్లదోమ ఎదుగుదల దెబ్బతింటుందన్నది నిజమే. కాని కాలువలన్నీ చేపల చెరువులకు, కొల్లేరుకు చేరే ఈ ప్రాంతంలో నిరోధక శక్తి గల సూక్ష్మజీవులను పెంచడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ప్రస్తుతానికి ఎన్‌కార్సియా గ్వాడెలూపే పరాన్నజీవిని కాపాడుకోవడం, ఐసేరియా ఫ్యుమోసోరోసియా శిలీంధ్రాన్ని పిచికారీ చేయడమే సరైన మార్గం.

వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయ విద్యార్థులకు చేతికందే పని ఒకటి ఉన్నది. వట్లూరు కొబ్బరి, పెదవేగి ఆయిల్ పామ్, పెరటి జామ చెట్ల నుండి తెల్లదోమలను సేకరించి ఆల్కహాల్‌లో భద్రపరచి, 16ఎస్ జన్యువు ఆధారంగా పోర్టియెరాతో పాటు ఉండే అనుబంధ బ్యాక్టీరియా ఆతిథేయి మొక్కను బట్టి మారుతున్నదా అని పోల్చి చూడవచ్చును.