వర్తకుని పేరు – దాని రక్షణ

గ్రామమున ఒక స్త్రీ తన యింటనే కారము పట్టించి, పొట్లములు కట్టి, దానికొక పేరు పెట్టి అమ్ముచున్నదనుకొందము. పదేండ్లపాటు కల్తీ లేని సరకు ఇచ్చినందున చుట్టుప్రక్కల సంతలలో జనులు ఆ పేరు చూచియే కొనుచున్నారు. ఇంతలో పొరుగూరి వ్యాపారి యొకడు అదే పేరుతో, అదే రంగు పొట్లములలో నాసిరకము కారము అమ్మసాగెను. ఆమె పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, "నాకు లైసెన్సు ఇచ్చినది మీరే గదా, ఆ పేరు నాది కాదా?" అని అడిగినచో సభ్యులేమి చెప్పవలెను? ఈ విషయమును సభ్యులు తెలిసికొనియుండుట అవసరమని మేము తలచుచున్నాము.

లైసెన్సు వేరు, పేరుపై హక్కు వేరు

ఒక్కరే యజమానిగా నడుపు వ్యాపారమును చట్టము ఆ యజమాని కంటె వేరుగా చూడదు. లాభము ఆయనదే, అప్పును ఆయనదే. దుకాణము పేరుమీద ఇతరులు దావా వేయవచ్చును గాని, యజమాని దావా వేయదలచినప్పుడు తన సొంత పేరుతోనే వేయవలెను. కంపెనీల పేర్లను నమోదు చేయు కార్యాలయము వంటిది ఏకవ్యక్తి వ్యాపారముల పేర్లకు లేదు.

పంచాయతీ లైసెన్సు, కార్మికశాఖవారి దుకాణముల నమోదు, ఆహారపదార్థముల అనుమతి, జి.ఎస్.టి. నమోదు, 2020 జూలై 1 నుండి అమలులోనున్న ఉద్యం నమోదు – ఇవన్నియు వ్యాపారము చేయుటకు అనుమతులు, గుర్తింపులు మాత్రమే. ఒకే పేరుతో రెండు ఊళ్లలో ఇద్దరికి ఇవి దొరకవచ్చును. కావున వీనివలన పేరు ఒక్కరి సొత్తు కాజాలదు. అయినను ఇవి నిరుపయోగములు కావు. బ్యాంకులో దుకాణము పేరున ఖాతా తెరచుటకు ఇవి కావలసియుండును. ఆ పేరు ఏనాటినుండి వాడుకలో నున్నదో చూపుటకు సాక్ష్యముగా కూడ పనికివచ్చును.

హక్కు కలుగు రెండు మార్గములు

మొదటిది నిజాయితీతో కూడిన వాడుక. ఒకరు కష్టించి సంపాదించిన మంచిపేరును మరియొకరు వాడుకొని, తన సరకును వారి సరకుగా జనులకు అంటగట్టరాదు. నమోదు లేని పేరునకు కూడ ఈ రక్షణ కలదు. అహమ్మదాబాదులో 1982 నుండి నడచుచున్న 'ముక్తజీవన్ కలర్ ల్యాబ్' అను ఛాయాచిత్రశాల పేరునే మరియొకరు పెట్టుకొనబూనగా, రెండు దుకాణములు దూరముగా నున్నవని క్రింది న్యాయస్థానము నిషేధపు ఉత్తరువు ఇయ్యలేదు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తరువు ఇచ్చినది. కొనువారు భ్రమపడు అవకాశమున్నచో చాలును, మోసపు తలంపును విడిగా రుజువు చేయనక్కరలేదని తెలిపినది.

తిరునల్వేలిలోని 'ఇరుట్టుకడై హల్వా' పేరును గూర్చిన వివాదమున 2015లో అదే న్యాయస్థానము, ముందుగా వాడుకచేసినవారి హక్కు తరువాతివారి నమోదు కంటె బలమైనదని తీర్పు చెప్పినది. 'ఇరుట్టుకడై' యనగా చీకటికొట్టు. ఇంత సామాన్యమైన పేరునకును నమ్మకము వలననే విలువ కలిగినది.

రెండవ మార్గము వ్యాపార చిహ్నపు నమోదు, అనగా ట్రేడ్ మార్కు. ఇది 1999 నాటి చట్టము క్రింద జరుగును. ఆ చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో నున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారికి చెన్నైలోని కార్యాలయము వర్తించును. దరఖాస్తు ఇంటర్నెట్టు ద్వారా పంపవచ్చును. 2017 నాటి నియమముల ప్రకారము వ్యక్తులకు ఒక్కొక్క తరగతికి రుసుము 4,500 రూపాయలు, కాగితముపై ఇచ్చినచో 5,000 రూపాయలు. సరకులు, సేవలు కలిసి 45 తరగతులు కలవు. కారము 30వ తరగతి, పచ్చళ్లు 29వ తరగతి. రెండును అమ్మువారు రెండు రుసుములు చెల్లింపవలెను.

పరీక్షలో అంగీకరింపబడిన పేరు ప్రభుత్వపు పత్రికలో ప్రకటింపబడును. నాటినుండి 4 నెలలలోపల ఎవరైనను అభ్యంతరము చెప్పవచ్చును. నమోదైన పేరు 10 సంవత్సరములు చెల్లును, మరల మరల పొడిగించుకొనవచ్చును. నమోదైన పిదపనే వృత్తములోని 'ఆర్' అను ఆంగ్లాక్షరమును పొట్లముపై ముద్రింపవలెను. అంతకుముందే ముద్రించుట చట్టవిరుద్ధము.

పేరు ఎన్నుకొనుట

పేరు పెట్టునప్పుడే జాగ్రత్త వహించినచో పెక్కు తగవులు తప్పును. 'మంచి కారము', 'స్వచ్ఛమైన నెయ్యి' యను మాటలు సరకు గుణమును చెప్పును గాని వర్తకుని గుర్తింపజేయవు. అట్టివి సాధారణముగా నమోదు కావు. దేవతల పేర్లు అందరివి. అగరువత్తులకు 'రామాయణ్' అను పేరును ఒక్కరి చిహ్నముగా నమోదు చేయరాదని 2015లో సుప్రీంకోర్టు తీర్మానించినది. దేవుని పేరు పెట్టుకొనదలచినవారు దానికి తమ యింటిపేరునో, వేరొక విశేషపదమునో చేర్చుకొనుట మంచిది.

ఊరి పేరు విషయమున మరింత జాగ్రత్త కావలెను. బందరు లడ్డుకు 2017లోను, ఆత్రేయపురపు పూతరేకులకు 2023లోను భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి పేరు ఆ ప్రాంతపు ఉత్పత్తిదారులందరి ఉమ్మడి సొత్తు. అచ్చట తయారుచేయువారు అధికృత వినియోగదారులుగా నమోదు పొంది దానిని వాడుకొనవచ్చును. ఏ ఒక్కరును దానిని తమ సొంతము చేసికొనజాలరు.

జాతీయ చిహ్నములను, ప్రభుత్వపు ఆదరణ కలదని తోపించు పేర్లను వాడుట 1950 నాటి చట్టము నిషేధించుచున్నది. కంపెనీ కానివారు 'లిమిటెడ్' అను మాటను తగిలించుకొనరాదు. పేరు నిశ్చయించుకొనుటకు ముందు ట్రేడ్ మార్కు కార్యాలయమువారి పట్టికను ఇంటర్నెట్టులో రుసుము లేకుండ వెదకి చూడవచ్చును. వ్రాతలోనే గాక ఉచ్చారణలో పోలిన పేర్లను కూడ చూడవలెను. సంతలో సరకును నోటితో అడుగుదురు గాని చదివి అడుగరు గదా!

సాక్ష్యము దాచుకొనుట

పేరును కాపాడునది తేదీగల కాగితము. మొదటి బిల్లులు, పొట్లములు ముద్రించిన అచ్చుకూటపు రసీదు, సంత రుసుము చీటీ, బోర్డు వ్రాయించిన లెక్క, లైసెన్సు ప్రతులు – వీనినన్నిటిని ఒకచోట భద్రపరచవలెను. నమోదు దరఖాస్తులో పూర్వపు వాడుకను చెప్పుకొనువారు ప్రమాణపత్రముతో పాటు ఇట్టి ఆధారములను చూపవలసియుండును. అనుకరణ కనబడినంతనే వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపవలెను. ఏండ్ల తరబడి ఊరకుండినవారి పక్షము బలహీనపడును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సభ్యులు చేయదగిన పనులు మూడు. లైసెన్సు కోరి వచ్చిన పేరు గ్రామపు రిజిస్టరులో ముందే యున్నచో, వేరు పేరు పెట్టుకొమ్మని క్రొత్తవారికి హితవు చెప్పవలెను. ఇది హితవే గాని తీర్పు కాదు. రెండవది, పాత రిజిస్టర్లను, రసీదుల ప్రతులను చెదలు పట్టకుండ కాపాడి, అడిగినవారికి నకళ్లు ఇప్పించవలెను. పదేండ్లనాటి ఒక్క పుట ఒక కుటుంబపు జీవనోపాధిని నిలుపవచ్చును.

మూడవది, తగవు వచ్చినప్పుడు 'ఈ పేరు ఫలానివారిది' అని కాగితము వ్రాసి ఇయ్యరాదు. అట్టి అధికారము పంచాయతీకి లేదు. ఉభయులను కూర్చుండబెట్టి సామరస్యముగా ఒప్పించుటకు యత్నింపవలెను. పొసగనిచో ఆ వివాదము జిల్లా న్యాయస్థానమున తేలవలసినది. ఖర్చునకు భయపడువారికి దారి కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించుట సభ్యులు చేయగల గొప్ప సహాయము.

పొలమునకు గట్టు ఎట్టిదో, వర్తకునకు పేరు అట్టిది. గట్టు చెరిగిన పిదప కొలతలు వేయుటకంటె ముందే రాయి పాతుకొనుట మేలు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చిన్న వర్తకులకు వివరింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.