పాత వ్రాతలు - కల్పిత యంత్రాలు

విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీ వంటి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లతో ఇప్పుడేమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. ఉర్దూ, తెలుగు రెండింటిని చదువుకొనే మనకు పని కలదు. 1994లో వెలువడిన ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుటలు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు పుటలు ఎన్నో యూనికోడ్ వాడుకకు రాకముందటివి. ఆ తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో దాగి ఉండును. తగిన ఫాంటు లేనిచో పద్యమైనను, పరీక్షాపత్రమైనను పిచ్చిగీతలే. అట్టి ఫైళ్లను అవి పుట్టిన చోటనే తెరచి చూచుట క్షేమం.

ఇందుకు సాధనం కల్పిత యంత్రం, అనగా వర్చువల్ మెషీన్. ఒక సాఫ్ట్‌వేరే కంప్యూటరుగా నటించును. ఒక పెద్ద ఫైలు దానికి హార్డ్‌డిస్కు.

1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ చిరకాలం వెల పెట్టి కొనవలసినది. 2024 నవంబరు నుండి అందరికి ఉచితం. 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ నేడు ఆరకిల్ సంస్థది. ఎక్స్‌పీ వరకు వీటిలో ఏదైనను చాలును. మైక్రోసాఫ్ట్ విండోస్ 7తో ఇచ్చిన ఎక్స్‌పీ మోడ్ విండోస్ 8తో ముగిసిపోయినది.

చిక్కంతయు 98తోనే. వర్చువల్‌బాక్స్‌లో దానికి తోడు డ్రైవర్లు లేవు. తెర పదహారు రంగులకే పరిమితమగును. పై రెండును పాత సిస్టమ్ ఆజ్ఞలను నేటి ప్రాసెసరుకే నేరుగా అప్పగించును. 86బాక్స్ అట్లు కాదు. పాత ప్రాసెసరును, వీడియో కార్డును, సౌండ్ కార్డును కూడ పూర్తిగా అనుకరించును. కనుక నిదానం, కాని నమ్మకం. 98కు నా ఓటు దీనికే. పుటలు కూర్చుటకు వేగంతో పనియేమి?

ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయినవి. కావున కల్పిత యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వరాదు. ఫైళ్లకు నకలు తీసి, ఆ నకలునే లోపల తెరువవలెను.

ఒక ఆటంకం మాత్రం మిగిలియున్నది. ఆనాటి భారతీయ లిపి సాఫ్ట్‌వేర్లు కొన్ని ప్రింటరు పోర్టుకు తగిలించే డాంగిల్ అను తాళం లేనిదే తెరుచుకొనవు. నేటి లాప్‌టాపులకు ఆ పోర్టే లేదు. అందుచేత పాత కంప్యూటరును తుక్కుకు వేయుటకు ముందు దాని వీపున అట్టి తాళమేదైనా వ్రేలాడుచున్నదేమో చూడవలెను. ఉన్నచో, ఫైళ్లన్నియు బయటకు తీయువరకు ఆ యంత్రాన్ని కదలింపరాదు.